ఎంటర్ బటన్ మీద పానా

ఆ కాగితం మిల్లులో కంప్యూటర్లు చూసే అమ్మాయిని అందరూ సర్వరమ్మ అనేవాళ్ళు. మొదట్లో వెక్కిరింపుగానే పెట్టారు. ఏ ఫైలు తెరుచుకోకపోయినా సరే, గేటు నుంచి బాయిలరు దాకా "సర్వరమ్మా, కరుణించు తల్లీ" అని కేకలు. పిలవగా పిలవగా వెక్కిరింపు అరిగిపోయి పేరు మిగిలింది. ఆమె కూడా పలకడం అలవాటు చేసుకుంది. ఏం చేస్తుంది మరి, ఉద్యోగంతో పాటు వచ్చిన పేరాయె!

ఆ ఉద్యోగంలో పెట్టించింది ఆమె మేనమామ. తల్లి పోయాక పెంచినవాడూ ఆయనే. జడ వేయడం చేతగాక కొన్నాళ్ళు ఆ పిల్లకు జుట్టు పొట్టిగా కత్తిరించి తిప్పాడు, తర్వాత పంతం పట్టి నేర్చుకున్నాడు. మిల్లులో ఫిట్టరు. అక్కడ ఆయన పేరు నిదానం. ఒక బోల్టు బిగించాలంటే ముందు దాన్ని తుడుస్తాడు, వెలుతురులో పెట్టి చూస్తాడు, మళ్ళీ తుడుస్తాడు, అప్పుడు బిగిస్తాడు. ఆయన బిగించిన బోల్టు వదులైందని ఎవరూ అనగా వినలేదు. ఆయన వేళకు పని ముగించాడని అనగా కూడా వినలేదు.

ఆయన పనుల్లో ఒకటి తొట్టి శుభ్రం చేయడం. పాత కాగితాన్ని నీళ్ళలో వేసి ముద్ద చేసే తొట్టి అది. ముగ్గురు మనుషులు ఒకరి భుజాల మీద ఒకరు నిలబడితే పైవాడికి అంచు అందుతుంది, అంత లోతు. అడుగున ఉక్కు రెక్కల చక్రం. కాగితం కట్టలతో పాటు వచ్చిన తీగలూ ప్లాస్టిక్ తాళ్ళూ ఆ రెక్కలకు చుట్టుకుపోతాయి. అప్పుడు నీళ్ళు వదిలేసి, నిచ్చెన మీదుగా ఒక మనిషి దిగి, కూర్చుని కోసి తీయాలి. సర్వరమ్మ చిన్నప్పుడు మావయ్యకు అన్నం తీసుకొచ్చిన ఒకరోజు, చక్రం తిరుగుతుండగా ఎవరి చేతిలోంచో ఇనుప బక్కెట్టు జారి అందులో పడింది. తర్వాత తీసి చూస్తే పిడికిలంత ముద్ద. ఆ ముద్ద కొన్నేళ్ళపాటు ఆమె కలల్లోకి వచ్చింది.

తొట్టిలో దిగేముందు గేటు ఆఫీసు నుంచి తాళంకప్ప తెచ్చి మెయిన్ స్విచ్చికి వేసి దిగాలని నియమం. నియమానికేం, గోడ మీద అద్దం బిగించి మరీ పెట్టారు. కానీ గేటు ఆఫీసు మిల్లుకు ఆ కొసన ఉంది, తాళం ఇచ్చే మనిషి భోజనానికో సెలవు మీదో పోయి ఉంటాడు. పైన ఒకడు కాపలా నిలబడాలని ఇంకో నియమం. మనుషులు చాలక దాన్నీ ఎత్తేశారు. అందుకని తొట్టి దగ్గరివాళ్ళు తమ తెలివి తాము వాడారు. తొట్టి ఫైలని ఒకటుంది. ఎంత కాగితం వేశారు, ఎన్ని నీళ్ళు పోశారు అని రాసుకునే ఫైలు. చక్రం తిప్పాలంటే కంట్రోల్ రూములోని ప్రోగ్రాం ముందు ఆ ఫైలు తెరవాలి. అప్పటికే ఇంకొకరు తెరిచి పట్టుకుని ఉంటే తెరుచుకోదు, తెర మీద గీత ఎర్రగా ఉంటుంది, చక్రం కదలదు. ఇంకేం! దిగేవాడు తొట్టి పక్కనున్న చిన్న కంప్యూటర్లో ఆ ఫైలు తెరిచి పెట్టి దిగిపోతాడు. గీత ఎర్రగా ఉంటే లోపల మనిషి ఉన్నట్టు. పచ్చబడితే పైకి వచ్చేసినట్టు. లెక్కలు రాసుకునే ఫైలును పట్టుకుని దాని మీద నిండు ప్రాణం వేలాడదీశారు మహానుభావులు! పైగా మిల్లు మొత్తానికీ ఈ సంగతి తెలుసు. తెలియనిది సర్వరమ్మ ఒక్కదానికే. ఆమెకు తెలియకుండా ఉంటుందా అనుకుని ఎవరూ చెప్పలేదు.

మావయ్య చెప్పబోయాడు, ఆమే విననివ్వలేదు. అది ముందు వారం మాట. తొట్టి పక్క కంప్యూటరు దుమ్ము దులపడానికి వెళితే, కీబోర్డులో ఎంటర్ బటన్ మీద పెద్ద పానా ఒకటి పడుకోబెట్టి ఉంది.

"ఇదేంటి మావయ్యా, కీబోర్డు మీద ఈ పానా ఏంటి?"

"అది తీయకే. మధ్యమధ్యలో లైను పోతుంటుంది. పోయినప్పుడల్లా ఆ డబ్బా ఏదో ప్రశ్న అడుగుతుంది. ఎంటర్ కొడితేగానీ ఊరుకోదు. నేను పనిలో ఉంటే ఎవరు కొడతారు? అందుకని..."

"అందుకని కిలో ఇనుము పెడతావా? బటన్ అణిగిపోతుంది. కొత్తది అడిగితే మేనేజరు నన్ను నమిలి మింగుతాడు. ఇంకోసారి ఇది ఇక్కడ కనపడిందంటే నీతో మాట్లాడను, చెప్తున్నా."

"అది కాదే, నేను లోపల..."

"అది కాదూ లేదు, ఇది కాదూ లేదు. తీసెయ్."

మావయ్య నవ్వి, పానా తీసి, తుడిచి, చూసి, మళ్ళీ తుడిచి పెట్టెలో వేసుకున్నాడు. "నీ మాటే నెగ్గనీ తల్లీ" అన్నాడు. నెగ్గినందుకు ఆమెకు లోలోపల కాస్త గర్వంగా కూడా ఉంది.

ఇక ఆ రోజు. మిల్లులో సర్వర్లు రెండు. మిల్లు ఫైళ్ళన్నీ కాసేది పెద్దోడు. వాడు పడిపోతే ఆ పని అందుకోవడానికి పక్కనే చిన్నోడు. నిజంగా అందుకుంటాడా లేదా అన్న పరీక్ష పెట్టుకున్నారు. మేనేజరు కుర్చీ తెప్పించుకుని మరీ సర్వర్ గదిలో కూర్చున్నాడు. మంచివాడే, కానీ చేతులు ఊరుకోవు. ఏ తెర మీద ఏ ప్రశ్న కనపడినా నొక్కేసి, తర్వాత చదువుతాడు.

"పెద్దోడు పోతే, ఎవరు ఏ ఫైలు పట్టుకున్నారో చిన్నోడికెలా తెలుస్తుందమ్మా?" అన్నాడు.

"తెలీదు సార్. అదే చిక్కు. బస్సులో సీటు మీద జేబురుమాలు వేస్తాం చూడండి, మన కంప్యూటర్లు ఫైళ్ళు పట్టుకోవడం అలాంటిదే. కాకపోతే ఇక్కడ జేబురుమాలుకు గడువుంటుంది, లీజు అంటారు. గడువులోపల 'నేనింకా ఉన్నాను' అని మళ్ళీ మళ్ళీ చెబుతూ ఉండాలి. చెప్పడం మానేస్తే మనిషి లేడనుకుని సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు."

"బస్సు చెడిపోతే?"

"ఇంకో బస్సొస్తుంది. కొత్త కండక్టరుకు ఎవరెక్కడ కూర్చున్నారో తెలీదు. అందుకని నిమిషంన్నర తలుపు దగ్గర నిలబడి, 'పాత బస్సులో సీటున్నవాళ్ళే ఎక్కండి, కొత్తవాళ్ళు ఆగండి' అంటాడు. ఆ నిమిషంన్నరలో వచ్చి అడిగినవాళ్ళ సీటు వాళ్ళకి. అడగనివాళ్ళది పోయినట్టే."

"పాపం, నిద్రపోయేవాడుంటే?"

"వాడి ఖర్మ సార్" అని నవ్వింది సర్వరమ్మ.

పెద్దోణ్ణి ఆపింది. మిల్లంతటా తెరలు బిగుసుకుపోయాయి. చిన్నోడు లేచాడు. లెక్క మొదలైంది. బాయిలరు కంప్యూటరు వచ్చి తన ఫైళ్ళు అడిగి తీసుకుంది. లారీలు తూచే కాటా కంప్యూటరు వచ్చింది. కంట్రోల్ రూము వచ్చి తనకున్న పాతవి తీసుకుని, కొత్తగా ఇంకో ఫైలు కోసం వరసలో నిలబడింది. మేనేజరు చప్పట్లు కొట్టాడు. చూస్తుండగానే ఒక్కటి తప్ప అన్నీ వచ్చేశాయి. ఆ ఒక్కటీ తొట్టి పక్క కంప్యూటరు.

"ఒక్కటేగా, వదిలెయ్" అన్నాడు మేనేజరు.

వదిలేసేదే. కానీ బిగించిన బోల్టును కూడా ఇంకోసారి చూసుకునే మనిషి పెంచిన పిల్లాయె. ఫోను తీసి స్టోరులో కూర్చునే అక్కకు కలిపింది.

"అక్కా, ఆ తొట్టి దగ్గర కంప్యూటరు ఎవరైనా ఆపేశారా?"

"ఎందుకాపుతారే? మీ మావయ్య పొద్దుట్నుంచీ తొట్టిలోనే ఉన్నాడుగా. ఇందాక టీ కుర్రాణ్ణి పంపితే అరగంటన్నాడట. ఆయన అరగంటంటే నీకు తెలుసుగా!"

"తొట్టిలో ఉంటే కంప్యూటరుకేం?"

"భలేదానివే, ఫైలు తెరిచిపెట్టే కదా దిగేది! గీత ఎర్రగా ఉన్నంతసేపే చక్రం తిరగదు. నీకు తెలీకపోవడమేంటి, నీ కంప్యూటర్లేగా అవి?"

సర్వరమ్మకు ఒక్క క్షణం ఆ మాటలు అర్థం కాలేదు. అర్థమయ్యాక ముందు వారం మాట గుర్తొచ్చింది. అది కాదే, నేను లోపల... అన్నాడు మావయ్య. లోపల అంటే ఎక్కడో ఆరోజు అడగలేదు. లైను పోయింది. ఆ డబ్బా ప్రశ్న అడిగింది. ఎంటర్ కొట్టడానికి మనిషి లేడు. పానా లేదు. పానా తీయించింది తను.

"అక్కా, పరిగెత్తు! వెళ్ళి ఎంటర్ కొట్టు!"

"నేనా? నా మోకాళ్ళతోనా? ఇక్కణ్ణుంచి అక్కడికే!" అంది స్టోరు అక్క. గేటు పక్కనుంది స్టోరు. తొట్టికీ దానికీ మధ్య మిల్లంతా ఉంది.

తెర మీద నిమిషంన్నరలో సగం పైగా కరిగిపోయింది. అది పూర్తయితే వరసలో నిలబడ్డ కంట్రోల్ రూముకు తొట్టి ఫైలు దొరికిపోతుంది. మావయ్య ఫోనుకు కొట్టింది. మోగుతోంది. మోగుతూనే ఉంటుంది, మేకుకు తగిలించిన చొక్కా జేబులో. తొట్టిలోకి ఫోను తీసుకెళ్ళే మనిషి కాదు, తడుస్తుందని భయం. కంట్రోల్ రూముకు కొట్టింది. ఎంగేజ్.

కంట్రోల్ రూములో ఉండేది ఎవరనుకున్నారు, అందరూ అయిందా అని పిలిచే మనిషి. ఆయన అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తులేదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి అందరికీ ఫోను చేసి "అయిందా? అయిందా?" అనడమే పని. గీత పచ్చబడిందంటే చాలు, ఊపిరి పీల్చేలోపు చక్రం తిప్పేస్తాడు. ఇప్పుడూ తొట్టి దగ్గరి ఫోనుకే కొడుతూ ఉండి ఉంటాడు, ఎత్తే దిక్కులేని ఫోనుకు. రెండోసారి కొట్టింది. ఎంగేజ్. మూడోసారి కూడా ఎంగేజే.

ఇనుప బక్కెట్టు ముద్ద కళ్ళముందు కనపడింది. దాని అంచున వంగిన పిడి కూడా కనపడింది. చక్రం రెక్కల మధ్య మఠం వేసుకుని కూర్చుని, ఒక్కో తీగనీ కోసి, చూసి, పక్కన పెడుతున్న మావయ్య. నిచ్చెన ఎక్కాలంటే మెట్టుమెట్టుకూ ఆగే మావయ్య.

ఆగమనాలి. అందర్నీ ఆగమనాలి. ఎవరంటే ఆగుతారు? కండక్టరంటే ఆగుతారు! చిన్నోడు కూడా పడిపోతే, వాడు మళ్ళీ లేచేదాకా ఎవరికీ ఏ ఫైలూ దొరకదు. లేచాక వాడు మళ్ళీ తలుపు దగ్గర నిలబడి నిమిషంన్నర కొత్తవాళ్ళను ఆపుతాడు. ఆలోచన పూర్తయ్యేలోపే చెయ్యి వెళ్ళిపోయింది. చిన్నోడి కరెంటు తీగ పట్టుకుని ఒక్క లాగు లాగింది.

"ఏయ్, ఏయ్! పిచ్చి పట్టిందా నీకు?" మేనేజరు కుర్చీలోంచి లేచిపోయాడు. "పాసైన పరీక్షను పాడుచేస్తావా?"

తీగ మళ్ళీ గుచ్చింది. చిన్నోడు మెల్లిగా గుర్రుమన్నాడు. "ముట్టుకోకండి సార్, దణ్ణం పెడతా, ఏదీ ముట్టుకోకండి" అని తలుపు తోసుకుని పరిగెత్తింది. తొట్టిలో మనిషి ఉన్నాడన్న ఒక్క ముక్క చెప్పిందా? లేదు! చెప్పాలని నోటిదాకా వచ్చింది, పెదవులు దాటలేదు. భయం మనిషిని అంత మొద్దును చేస్తుంది. ఏదీ ముట్టుకోవద్దంటే ఆ మహానుభావుడు చేతులు కట్టుకుని కూర్చుంటాడా?

ఆవరణలోకి వచ్చింది. ఎండ కళ్ళలో కొట్టింది. కాగితం కట్టలు దింపుతున్నవాళ్ళు తలలెత్తి చూశారు. "ఏమైంది సర్వరమ్మా, నిప్పంటుకుందా?" అని ఎవరో అరిచారు. జవాబు చెప్పే ఊపిరి లేదు. చెప్పు ఒకటి జారిపోతే రెండోదాన్ని కూడా విసిరేసింది. చిన్నోడు లేవడానికి కొంతసేపు, తర్వాత నిమిషంన్నర. చాలు. కంట్రోల్ రూము మెట్లెక్కడానికి అది చాలు, ఏడుస్తూ వెళ్ళినా చాలు అని తనకు తానే చెప్పుకుంటూ పరిగెత్తింది.

కాటా పక్కనుంచి పోతుండగా అక్కడి అంకెల బోర్డు వెలిగింది. కాటా మీదున్న లారీ కొత్త నంబరు దాని మీద ఎక్కింది. కొత్త లారీకి కొత్త ఫైలు కావాలి. కొత్త ఫైలు దొరికిందంటే కొత్తవాళ్ళకు తలుపు తెరిచారన్నమాట. ఇంత తొందరగానా? నిమిషంన్నర ఏది?

తెలిసిపోయింది. చిన్నోడు లేచి, "పాతవాళ్ళ కోసం ఆగుతున్నాను, ఆగడం మానెయ్యమంటారా" అని అడిగి ఉంటాడు. మిల్లంతా ఫోన్లు చేసి తిడుతుంటే మేనేజరు నొక్కేసి ఉంటాడు. పాపం ఆయన మంచికే నొక్కాడు.

అంటే తొట్టి ఫైలు ఈపాటికి అయిందా చేతిలో ఉంది.

అప్పుడు హెచ్చరిక మోత వినపడింది. చక్రం తిప్పేముందు ఒక బటన్ నొక్కితే మోత, రెండో బటన్ నొక్కితే చక్రం. మిల్లులో పెరిగిన పిల్ల, వెయ్యిసార్లు విన్న మోత. పై ప్రాణాలు పైనే పోయాయి. ఇనుప మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకు తెలియదు. మోకాలు చీరుకుపోయిన సంగతి తర్వాత ఎవరో చెబితే చూసుకుంది.

తలుపు తోసింది. తెర మీద గీత పచ్చగా ఉంది. "అమ్మయ్య, అయింది" అంటున్నాడు అయిందా, తనలో తను నవ్వుకుంటూ. బొటనవేలు రెండో బటన్ మీదుంది.

ఒక్క ఉదుటున మీద పడి ఆ మణికట్టు రెండు చేతులా పట్టుకుని వెనక్కి వేలాడింది. కుర్చీతో సహా ఇద్దరూ కింద పడ్డారు. "అమ్మో, ఏంటిది, వదులు, చెయ్యి విరుగుద్ది!" అని అయిందా కేకలు. ఆమె వదల్లేదు. పళ్ళు కూడా దింపిందని ఆయన తర్వాత అందరికీ చూపించుకున్నాడు.

"మావయ్య" అంది చివరికి. "లోపల మావయ్య."

"గీత పచ్చబడిందిగా!"

"పచ్చబడలేదు. నేను... నా వల్ల... లోపలున్నాడు."

అయిందా ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. కూర్చున్నచోటే తన బొటనవేలి వంక చూసుకున్నాడు. ఆయన ఏదో ఒకటి తొందరగా అనకుండా ఉండటం మిల్లులో అదే మొదటిసారి.

కింద తొట్టి దగ్గరికి వెళ్ళేసరికి అప్పటికే పదిమంది మూగారు. అంచు మీద ముందొక చెయ్యి కనపడింది, తర్వాత రెండోది, తర్వాత తడిసిన తల. నిదానం గబగబా పైకొచ్చాడు. అవును, గబగబా. ఒక కాలికి బూటు లేదు. నిచ్చెన మెట్టుకు చిక్కుకుంటే వదిలేసి ఎక్కాడట. మోచేతులు గీరుకుపోయాయి. వెల్లకిలా నేలమీద పడుకుని, పైకి చూస్తూ రొప్పుతున్నాడు.

"మోత విన్నా" అన్నాడు. "సగం దాకా ఎక్కా. మిగతా సగం ఎక్కలేననుకున్నా."

సర్వరమ్మ ఆయన పక్కన కూలబడి, భుజం మీద ఒక్కటి చరిచింది, ఆ వెంటనే ఆ భుజాన్నే పట్టుకుని బావురుమంది. "చచ్చిపోయేవాడివి మావయ్యా! తాళం వేసుకోవాలని తెలీదా? చిన్నపిల్లాడివా?"

"తాళం తెచ్చేసరికి పొద్దుపోతుందే."

"పోనీ పొద్దు పోతే పోయింది! నాకెవరున్నారని? ఆ దిక్కుమాలిన పానా అయినా పెట్టి దిగొచ్చుగా! అదుంటే చాలుగా! ఎందుకు పెట్టలేదు?"

మావయ్య ఆమె వంక వింతగా చూశాడు, అడగాల్సిన ప్రశ్నే కాదన్నట్టు.

"నువ్వు వద్దన్నావు కదమ్మా. పెడితే మాట్లాడనన్నావు."

మావయ్య ఒక చేత్తో ఆమెను, ఒక చేత్తో గోడను పట్టుకుని లేచి, అలవాటు కొద్దీ కంప్యూటరు దగ్గరికి వెళ్ళాడు. పక్కన పనిముట్ల పెట్టె తెరిచి ఉంది. అందులో అన్నిటికన్నా పైన, శుభ్రంగా తుడిచిన గుడ్డలో చుట్టి పానా ఉంది. తెర మీద ప్రశ్న ఇంకా అలాగే ఉంది. కళ్ళజోడు లేదు, ముఖం దగ్గరగా పెట్టి కూడబలుక్కుని చదివాడు.

"లైను తెగింది. మీరు ఇంకా ఉన్నారా? ఉంటే ఎంటర్ నొక్కండి."

వేలు బటన్ మీద ఆనించి, "ఉన్నానమ్మా, ఉన్నాను" అని నొక్కాడు. సర్వరమ్మ ఆయన తడి చొక్కా కొస పిడికిట్లో పట్టుకుని నిలబడింది. మేనేజరు వచ్చి ఏదో అడిగాడు, అయిందా ఏదో చెప్పబోయాడు, స్టోరు అక్క కుంటుకుంటూ వచ్చి నీళ్ళిచ్చింది. ఆ పిడికిలి మాత్రం విప్పలేకపోయారు.